పైమట్టి మీద మంచం

నిన్న మా చేను దున్నడానికి ట్రాక్టరు వస్తే చూద్దామని వెళ్లాను. గజపతినగరం దాటాక రోడ్డు పక్కనే ఉంటుంది. పక్కవాళ్ల గట్టు మీద నుంచి మా చేలోకి మోకాలెత్తు దిగాలి. కొత్త డ్రైవరు అక్కడ బండి ఆపి, "ఏటమ్మా, మీ సేనొక్కటే ఇలగ పల్లంగా ఉన్నాది?" అని అడిగాడు. ఇక్కడ ఒకప్పుడు మట్టి గని ఉండేదన్నాను. నమ్మినట్టు లేదు, నవ్వి బండి చేలోకి దింపాడు. నాకు మాత్రం మా అత్త కళ్లముందు నిలిచింది.

అది మెట్ట చేను, అడుగునంతా బంకమట్టి. పెంకులు, పూలకుండీలు చేసే ఫ్యాక్టరీవాళ్లు ఆ మట్టి అడిగేసరికి మా ఆయనకు హుషారొచ్చింది. అత్తకు రాలేదు. ఊరి చివర ఎవరో తవ్వి వదిలేసిన గొయ్యిని ఆవిడ రోజూ చూసేది. తుమ్మలు మొలిచి, దిగిన గేదెలు ఎక్కలేక అరిచే గొయ్యి. "తవ్వీసినాక సేను మళ్లీ సేనవుతాదా, అవదా? ముందది సెప్పు" అంది కొడుకుతో. దానికి ఆయన దగ్గర ప్లాను ఉంది. పైనున్న మంచి మట్టిని ముందు గీకి ఒక పక్కన కుప్ప పోయాలి, పనికిరాని గులక మట్టిని ఇంకో పక్కన. బంకమట్టి తీసిన చోటల్లా ఆ గులక మట్టి నింపుకుంటూ పోయి, చివర్లో పైమట్టి పరవాలి. ఆయన కాగితం మీద ఎంత చెప్పినా అత్తకు గురి కుదరలేదు. నేను ముగ్గుపిండి పట్టుకెళ్లి చేలోనే గీసి చూపించాను. ఆవిడ గీతలన్నీ నడిచి చూసి, పైమట్టి కుప్పకని గీసిన గడి దగ్గర ఆగింది. "ఇది నాది. దీన్ని ఎవులూ ముట్టుకోకూడదు" అంది. అలా ఒప్పుకుంది.

కుప్ప వానకు కొట్టుకుపోకుండా దాని మీద గడ్డి పెంచాలని ప్లానులో ఉంది. "గడ్డి నాటుకోడమేటి, నలుగురూ నవ్వుతారు" అని అత్త ఉలవలు చల్లేసింది. వానలు తగ్గేసరికి ఆ కుప్ప, గుండు మీద కొత్తగా జుట్టొచ్చినట్టు, పచ్చగా తయారైంది. మట్టికొచ్చే లారీ డ్రైవర్లు దానికి మామ్మ కొండ అని పేరు పెట్టారు.

గొడవంతా మా ఆయన మొహమాటం వల్ల వచ్చింది. ఆయన చిన్ననాటి స్నేహితుడు విజయనగరంలో ఇళ్ల స్థలాలు చదును చేసే కాంట్రాక్టరు. ఆ కుప్పలోని మెత్తటి మట్టి తనకు కావాలంటే, కాదనలేక ఈయన తల ఊపేశారు. మర్నాడు పొద్దున్నే జేసీబీ, ట్రాక్టర్లు వచ్చేశాయి. మేం చేరేసరికి కుప్ప మీద నులక మంచం, మంచం మీద అత్త, చేతిలో విసనకర్ర.

"పిన్నీ, దిగు. ఎండెక్కుతన్నాది" అన్నాడు కాంట్రాక్టరు కింద నుంచి.

"దిగుతానురా. ఈ మట్టి నా సేలో పరిసినాక దిగుతాను."

"మీవోడే ఇస్తానన్నాడు పిన్నీ."

"సిన్నప్పుడు మా ఆవుదూడని కూడా నీకిచ్చెస్తానన్నాడు. తోలుకెళ్లినావేటి?"

అతను మా ఆయన వైపు చూశాడు. ఈయన జేసీబీ చక్రాన్ని ఎన్నడూ చూడనట్టు పరీక్షగా చూస్తున్నారు. కాంట్రాక్టరుకు నవ్వాగలేదు. అత్త మంచం దిగలేదు గానీ, నా చేత అందరికీ ఉలవ గుగ్గిళ్లు పెట్టించింది. అవి తిని, ఖాళీ ట్రాక్టర్లతో వెళ్లిపోయారు.

గని పని ముగిశాక పైమట్టి పరవడానికి వచ్చింది కూడా అతని జేసీబీయే. అత్త ముందు నడుస్తూ, "ఇటు పల్సనైపోనాది, ఇంకొంచెం పొయ్యి" అని పురమాయించేది. మొదటి ఏడు నువ్వులు వేస్తే ఉలవలు మొలిచాయి. అందరికంటే ముందు అత్తే నవ్వింది. తర్వాత జనుము వేసి కలియదున్నాం, పేడ తోలాం, నీరు నిలిచే మూలకు కాలవ తీశాం. ప్రతి ఏడూ ఆవిడ చేను చుట్టూ తిరిగొచ్చి, "ఇంకా అవనేదు" అనేది. ఏదో ఒక ఏడు ఆ మాట అనడం మానేసింది. గొయ్యి తవ్వడం మొదలుపెట్టిన రోజు మా ఇంట్లో అందరికీ గుర్తే. అది మళ్లీ చేనైన రోజేదో ఎవరమూ చెప్పలేం. కాలం కొన్ని పనులు మనకు చెప్పకుండానే చేసి పెడుతుంది.