అరచేతిలో పాయసం

పెళ్లిళ్లకు వంట చేసే ఓ పెద్దమ్మ మామిడిపల్లి నుంచి మా శంషాబాద్ దవాఖానకు వచ్చేది. షుగర్ ఎంతకీ దిగడం లేదని డాక్టరుగారు ఆమె పొట్టకు సెన్సర్ పెట్టించారు. ఒంట్లో చక్కెర ఎప్పుడు ఎక్కిందో, ఎప్పుడు దిగిందో అది రాత్రింబగళ్లు రాసుకుంటుంది. తిన్నవన్నీ నోటుబుక్కులో రాయించమని నర్సుగా నేను చెప్పాను.

ఆరో రోజు కంప్యూటర్‌లో చూస్తే, రోజూ పొద్దున పదింటికి గీత గుట్టలా లేచింది. నోటుబుక్కులో ఆ వేళకు ఏమీ లేదు. అబద్ధమాడుతోందనుకుని గట్టిగానే అడిగాను.

"పిల్లల మీద ఒట్టు బిడ్డా, ఏం తినలే. దినాం పెండ్లి వంటలే గద, పాయసం తీపి జూసిన, గంతే," అంటూ అరచేతిని దొప్పలా పట్టి చూపించింది. "రుచి జూసుడు గూడ తినుడేనా?"

రోజుకు ఎన్నిసార్లు అలా రుచి చూస్తుందో ఆమెకే తెలియదు. అది ఆమెకు పని, తిండి కాదు. నాకు సిగ్గేసింది.

ఆ తర్వాత సాతంరాయిలో ఓ పెళ్లికి వెళ్తే, పొయ్యి దగ్గర నుంచి ఆమే పిలిచింది. నా అరచేతిలో వేడి పాయసం ఒంపి, "నేనిప్పుడు ముడ్తలేను. నువ్వు జెప్పు," అంది.

తీపి కొంచెం తక్కువే. అయినా సరిపోయిందన్నాను.

ఆమె కన్నార్పకుండా నన్నే చూసింది. "నీ మొఖం గట్ల చెప్తలేదు బిడ్డా," అని ఇంకో గరిటెడు చక్కెర వేసింది.