ఫింటాస్ వలకంచె

రాజంపేట దగ్గర మెట్టపల్లెలో పుట్టిన పెంచల్ కువైట్ వచ్చేదాకా సముద్రం చూడలేదు. అతని కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, బూ రాషిద్ అనే ముసలాయన. తాతల కాలం నుంచీ ఆ ఇంటివాళ్లకు సముద్రమే బతుకు. ఫింటాస్ ఒడ్డున నీళ్లలో రెల్లుతో వలకంచె కట్టేవాళ్లు. పోటుకు లోపలికొచ్చిన చేపలు నీళ్లు వెనక్కి తీసేసరికి అందులోనే చిక్కుకుపోయేవి. ఇంటిపనికి వచ్చిన పెంచల్‌కు నాలుగేళ్లలో ఆ పని బాగా పట్టుబడింది.

1990 ఆగస్టులో ఇరాకీ సైన్యం వచ్చిపడింది. ముసలాయన ఇద్దరు కొడుకులూ పెళ్లాంపిల్లలతో సౌదీకి వెళ్లిపోయారు. సల్వాలో డ్రైవరుగా ఉండే వాళ్ల ఊరి పుల్లయ్య పెంచల్‌ను వెతుక్కుంటూ వచ్చాడు.

"అమ్మాన్‌కు బస్సు ఉండాది, ఆడి నుంచి ఇమానంలో ఇండియాకు పోదాం రారా."

"ముసలాయన ఒక్కడే ఉండాడు న్నా. నువ్వు పో. నేను బాగుండానని మా ఇంట్లో చెప్పు."

రెండు నెలలపాటు ఆ వీధికంతా వలకంచె చేపలే కూర. తర్వాత సైనికులు ఒడ్డంతా మందుపాతరలు పెట్టారు, కంచె పీకి పొయ్యిలో వేసుకున్నారు.

ఫిబ్రవరిలో యుద్ధం ముగిసింది, సాయం లారీలు వచ్చాయి. పెట్టెలో బియ్యం, పాలపొడి, చేపల డబ్బాలు. ముసలాయన ఒక డబ్బాను తిప్పి తిప్పి చూశాడు.

"మా నాయన ఉంటే దీన్ని ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు" అని నవ్వాడు. ఇద్దరూ అన్నంలో కలుపుకుని తిన్నారు. బాగానే ఉంది.

ఆ తర్వాత నష్టపరిహారం వచ్చింది, ఫైబర్ పడవ వచ్చింది. కొడుకులు తిరిగొచ్చి ఆఫీసు ఉద్యోగాల్లో చేరారు. ఒడ్డున వేసిన కొత్త రోడ్డు మీద కారు ఆపి సముద్రం చూసేవాళ్లు, దిగేవాళ్లు కాదు. మందుపాతరలు తీసేశాక పెంచల్ మళ్లీ రెల్లు కోసి కంచె కట్టాడు.

ఒకరోజు పడవల లెక్క రాసే ఉద్యోగి ఇంటికొచ్చాడు.

"ఈ ఇంట్లో చేపలు పట్టేది ఎవరు?"

పెద్దకొడుకు తన పేరు చెప్పబోతే ముసలాయన చెయ్యెత్తి ఆపాడు.

"వీళ్ల చేతులు నున్నబడ్డాయి. మంచిదే, సుఖంగా ఉన్నారు. పోటెప్పుడో, ఆటెప్పుడో తెలిసినవాడు ఇతనే" అని పెంచల్‌ను చూపించాడు.

కొడుకు ముఖం కాసేపు చిన్నబోయింది. తర్వాత తనే పెంచల్‌ను ఆఫీసుకు తీసుకెళ్లి, ఇఖామా అనే నివాస అనుమతి కార్డులో 'ఇంటి పనివాడు' అన్నది తీయించి 'జాలరి' అని రాయించాడు. మరుసటి ఏడు తిరిగొచ్చిన పుల్లయ్య ఆ కార్డు చూసి నమ్మలేదు.

"మన ఊరి బాయిలో మోకాలిలోతు నీళ్లు ఉండవు గదరా."

"అందుకే న్నా, ఈడ నీళ్లు ఇడిచి రాబుద్ది కాలేదు" అన్నాడు పెంచల్, బుట్టలోంచి అతని కోసం మంచి చేప ఏరుతూ.