బిగుతు జడలు

నా కణతల దగ్గర జుట్టు పలచబడుతోందని తెలిసిన దగ్గర్నుంచి సికింద్రాబాదులో నాకు తెలిసిన ప్రతివాళ్ళూ వైద్యులైపోయారు. చర్చిలో తలమీది చెంగు కాస్త జారితే చాలు, వెనక బెంచీ ఆంటీ అంతా బోరునీళ్ళ మహిమేనంటుంది. మా ఆడపడుచు ఉల్లిపాయ రసం పట్టించమంది. పట్టించాను. రెండ్రోజులు స్టాఫ్‌రూములో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. రెజిమెంటల్ బజార్‌లో ఒకాయన ఏదో నూనె సీసా అంటగట్టాడు. ఈ సలహాలు వింటే ఒళ్ళు మండిపోయేది. ఊడుతున్న జుట్టు నాది, సలహాల సరదా వీళ్ళది.

చివరికి తిరుమలగిరిలో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. రక్తపరీక్షలు చేయించింది. రక్తహీనత లేదు, థైరాయిడ్ లేదు. అప్పుడు ముడి విప్పమని, భూతద్దం పెట్టి చూసి, ఇంత బిగుతుగా ఎప్పటినుంచి కడుతున్నారని అడిగింది. ఐదో ఏటి నుంచి అన్నాను. బిగించి అల్లితేనే జుట్టు పొడుగ్గా పెరుగుతుందని మా అమ్మ నమ్మకం. నన్ను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, కనుబొమలు పైకి లాక్కుపోయేలా అల్లేది. నేనూ అదే నమ్మాను.

"లాగి లాగి కుదుళ్ళు పాడైనయ్ మేడమ్," అంది డాక్టరమ్మ. "సన్న నూగు వెంట్రుకలు ఉన్నకాడ, వదులుగ ఉంచితే మళ్ళ వస్తది. నున్నగ మెరిసేకాడ కుదుళ్ళే లేవు, ఏ నూనె పెట్టినా రాదు."

నాకు రెండు రకాల చోట్లూ ఉన్నాయట. రాసుకోవడానికి మందిచ్చి పంపింది.

బస్సులో కూర్చుని అందరినీ తిట్టుకున్నాను. అమ్మను, ఆంటీని, ఆ నూనె మనిషిని. దిగేలోపే గుర్తొచ్చింది. మా బడిలో ఆడపిల్లలు రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకు రావాలి. సోమవారం గేటు దగ్గర నిలబడి ఆ జడలు చూసేది నేనే. కిందటి వారం ఆరో తరగతి పిల్ల జడలు వదులుగా ఉన్నాయని విప్పి, నా చేతులతోనే లాగి కట్టాను. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను శుభ్రంగా కట్టానని మురిసిపోయాను. సిగ్గు లేకపోతే సరి.

సోమవారం పొద్దున్నే హెడ్‌మిస్ట్రెస్‌ దగ్గరికి వెళ్ళి ఆ నియమం ఎత్తేయమన్నాను. క్రమశిక్షణ ఏమైపోతుందని ఆవిడ అడిగింది. పిల్లల నెత్తి పీకేది క్రమశిక్షణ ఎలా అవుతుందని నేను గొంతు పెంచాను. ముందు గేటు దగ్గరికి వెళ్ళమంది.

ఆ పిల్లే అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది. నవ్వుతూ నా ముందు తల వంచింది.

"టీచర్, ఇయ్యాల మస్తు టైట్‌గ ఏసుకొచ్చిన. చూడుండ్రి."

కణత పక్కన వేలంత మేర జుట్టు లేదు. తల వెలుతురుకు తిప్పి, వంగి చూశాను. నూగు ఉంది. అక్కడే, అందరి ముందూ, రెండు రిబ్బన్లూ లాగేసి జడలు విప్పేశాను. మళ్ళీ ఏం తప్పు చేశానోనని ఆ పిల్ల ఏడవడం మొదలుపెట్టింది.