గడకు తగిలించిన బెండ్లు

మా అమ్మాయి బడిలో మొదటిసారి రోబోల పోటీ పెట్టినప్పుడు మా జాలరిపేట జంగ్లీఘాట్ నుంచి పదిమందిమి వెళ్ళాం, వేట మానుకుని మరీ. తెర మీద ఒక్కో జట్టు కింద రెండేసి అంకెలు. మైకు పట్టుకున్నాయన ఇంగ్లీషులో ఊదరగొడుతూనే ఉన్నాడు. మా అమ్మాయి జట్టు కింద ఒక అంకె చకచకా పెరుగుతుంటే మేం చప్పట్లతో హాలు దద్దరిల్లగొట్టాం. ఇంటికొచ్చాక అమ్మాయి నవ్వుతూ చెప్పింది, పెరిగింది తప్పుల లెక్క అని. వాళ్ళ జట్టు ఓడిపోయిందని కూడా.

దానికి నవ్వొచ్చింది, నాకు తల కొట్టేసినట్టయింది. పిలిచి కూర్చోబెట్టి, ఏం జరుగుతోందో చెప్పకపోతే మేమేమన్నా దిష్టిబొమ్మలమా? ఆ కోపం ఏడాదైనా చల్లారలేదు.

మరుసటేడు నేనే వెళ్ళి పోటీ నడిపే మాస్టారిని ఒప్పించాను. రెండు వెదురు గడలకు వరసగా మేకులు కొట్టి, జట్టుకొకటి చొప్పున వేదిక పక్కన నిలబెట్టాను. రోబో బంతిని పెట్టెలో వేస్తే, వలలకు కట్టే ఎర్ర బెండు ఒకటి గడకు తగిలించాలి. గీత దాటితే రెండు తీసెయ్యాలి. చివరికి ఎవరి గడకు ఎక్కువుంటే వాళ్ళదే గెలుపు. మైకు అక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది. తగిలించేదీ, తీసేదీ నేనే.

మా అమ్మాయి రిమోట్ పట్టుకుంది. అయిదు బంతులు వేసింది, అయిదు బెండ్లు తగిలించాను. తర్వాత చక్రం అదుపు తప్పి రోబో గీత దాటింది. రెండు తీశాను.

"ఏటి బావా, మూడే మిగిలినాయి! గీత దాటేసినాదేటి?" అని అరిచింది మా వీధి వదిన.

మళ్ళీ దాటింది. మళ్ళీ రెండు తీశాను. "అరె యార్, ఒకటే ఉండిపోనాది!" అన్నారు వెనకనుంచి. హాలంతా నా చేతి వంక చూసి, ఆ తర్వాత మా అమ్మాయి మొహం వంక చూసింది. పక్క గడకు నాలుగు బెండ్లున్నాయి.

ఇంటికి నడుస్తూ అంది: "పోయినేడే బాగుండేది నాన్నా. మీకెవరికీ ఏటీ తెలీదు. ఓడిపోయినా చప్పట్లు కొట్టినారు."

నా పరువు కోసమే కట్టానా ఆ గడలు? అవుననే అనుకుంటాను, చేదుగానే ఉంటుంది.

ఈ ఏడు మాస్టారు మళ్ళీ గడలు అడిగారు, జనానికి భలే నచ్చాయట. ఇచ్చాను. జట్టుకి మా అమ్మాయి తన పేరివ్వలేదు.