నాయన గజ్జెలతో ఆరు మైళ్ళు: పెన్న ఒడ్డు నుంచి ఎర్రగుంట్ల రైలుదాకా

ఎర్రగుంట్ల స్టేషనుకూ పెన్న ఒడ్డున ఉన్న మా పల్లెకూ మధ్య ఆరు మైళ్ళు. ఆ దారిని నేను ఒకే రోజు మూడుసార్లు దాటాను. పొద్దున జట్కాలో కూర్చొని, మధ్యాహ్నం టపా సంచి భుజాన వేసుకొని పరుగున, సాయంత్రం మళ్ళీ జట్కాలో. ఎండాకాలంలో అటు పోదలచిన వారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. దాచడమెందుకు, మా నాయన గురించి గొప్పగా చెప్పుకోవాలని కూడా రాస్తున్నాను. దానికి ఇంతకన్నా మంచి సాకు నాకు దొరకలేదు.

మా నాయన దావీదు టపా రన్నరు. పొద్దుటూరు వైపు నుంచి పుల్లన్న మామ సంచి తీసుకొని పెన్న ఇసుక దాటి మా పల్లె వేపచెట్టు దగ్గరికి పరుగెత్తుకొస్తాడు. అక్కడ నాయన దాన్ని అందుకొని ఎర్రగుంట్లలో నాలుగుంబావు మెయిలుకు అందిస్తాడు. మధ్యలో కొన్నేళ్ళు ఆ సంచిని బస్సు మోసింది, నాయన కూలికి పోయాడు. యుద్ధం వచ్చి పెట్రోలు కరువై, బస్సులు వీపున బొగ్గుపొయ్యి కట్టుకొని ఎత్తు వచ్చినచోటల్లా నిలబడిపోతుంటే, మళ్ళీ మా నాయన కాళ్ళే గతి అయ్యాయి. ఇప్పుడు యుద్ధం ముగిసింది, సంచి మళ్ళీ బస్సెక్కింది, నాయన తన గజ్జెల ఈటెను మూలన పెట్టాడు. కాబట్టి ఆనాటి సంగతి బయటపెట్టినా ఎవరి కొంపా మునగదు.

నేను కడపలో ఆడపిల్లల బడిలో పంతులమ్మను. అప్పుడు నాకు ఇరవైమూడేళ్ళు. ఆదివారం సాయంత్రాలు మా పేట ఆడవాళ్ళను కూర్చోబెట్టి సంతకం చేయడం నేర్పేదాన్ని. వేలిముద్ర వేసేవాళ్ళంటే లోపల కొంచెం చిన్నచూపు కూడా ఉండేది. అందులో మా నాయనా ఒకడు. నేర్పిస్తానంటే, "నా బొటనేలును ఎవురూ దొంగిలించలేరులే పాపా" అని నవ్వేవాడు. కానీ నేను ఇంట్లో ఉన్న రోజుల్లో మాత్రం వేలి సిరా కనబడకుండా చింతపండుతో రుద్దుకొని గాని గడప తొక్కేవాడు కాదు. నా నోటికి జడిసి అట్లా చేసేవాడని అమ్మ చెప్పేది.

ఆ ఏడు వేసవి సెలవులివ్వగానే ఇంటికి బయలుదేరాను. కడపలో ఆరింటి పాసింజరు, మూడో తరగతికి ఏడణాలు. ఎనిమిది కాకముందే ఎర్రగుంట్లలో దిగి, స్టేషను బయట అణాకు రెండిడ్లీలు, చెనిగ్గింజల చట్నీతో తిన్నాను. జట్కా మస్తాను రూపాయి అడిగాడు. బేరమాడితే పన్నెండణాలకు దిగాడు. అతను మంచివాడే, నోరే ఊరుకోదు. నాపరాళ్ళ గోడల మధ్య నుంచి బండి పోతుంటే వెనక్కి తిరిగి, "సారమ్మా, మీ నాయనకు వయసయ్యా గదా. మా బండి ఆసామి టపా సంచిని జట్కాకి ఇప్పించుకోవాలని చూస్తాండాడు. టపా పైవాళ్ళు ఏమన్యారో తెలుసునా? సంచి ఒక్కనాడు రైలు తప్పితే చాలు, ఆ పొద్దే జట్కాకి రాసిస్తామన్యారు," అన్నాడు.

"ఇన్నాళ్ళూ తప్పిందా?" అన్నాను.

"తప్పలేదులేమ్మా. అదే మా ఆసామి బాధ."

గర్వంగా నవ్వుకున్నాను. ఆ నవ్వు ఇంటి గడపదాకానే. పదింటికి లోపలికి వెళ్ళి చూస్తే నాయన రెండు కంబళ్ళ కింద గజగజ వణుకుతున్నాడు. చలిజరం. మామూలుగా అది పొద్దు గుంకాక వచ్చి తెల్లారేలోగా దిగిపోయేది, సంచి వేళకు ఎట్లాగో లేచి లాక్కొచ్చేవాడు. ఆ రోజు లెక్క తప్పింది. అమ్మ తడిగుడ్డ వేస్తూనే ఉంది. మధ్యాహ్నానికి వణుకు తగ్గి ఒళ్ళు కాలిపోసాగింది. మా ఇంట్లో గడియారం లేదు, గడప మీది నీడే గడియారం. నీడ గడప దాటేలోగా సంచి వస్తే నాయన నింపాదిగా పోతాడు, దాటితే పరుగు పెంచాలి. ఆ రోజు నీడ దాటింది. నాయన లేచి ఈటె పట్టుకొని రెండడుగులు వేసి వాకిట్లోనే కూలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి.

"ఇంగ ఐపాయ," అన్నాడు.

"ఏం కాలేదు. బిళ్ళ ఇట్లియ్యి," అన్నాను.

బిళ్ళ అంటే రన్నరు నడుం పటకాకు ఉండే ఇత్తడి బిళ్ళ. అమ్మ నా మొహం చూసింది, నాయన మొహం చూసింది, నా చీరను కలుపు తీసే ఆడవాళ్ళలా గోచిపోసి బిగించింది. పటకా చుట్టుకొని, గజ్జెలు కట్టిన ఈటె చేతికి తీసుకున్నాను. నాయన నా మణికట్టు పట్టుకున్నాడు. "సారమ్మా, మొదటి మైలు దొంగది. నీకు శానా బలముండాదని చెప్పి, ఉన్నదంతా దోచుకుంటాది. గజ్జె చెప్పినట్ల పో. ఆఖరి రాయిని తలుచుకోవాకు, వచ్చే రాయిని చూడు." సరేసరే అన్నాను గాని ఒక్క ముక్కా చెవిన పెట్టలేదు.

నేను వేపచెట్టు దగ్గరికి చేరేసరికి పుల్లన్న మామ రొప్పుతూ వచ్చాడు. ఇసుక కాలిందని, ఆలస్యమైందని చెప్పబోయి నన్ను చూసి ఆగిపోయాడు. మనిషిని కాదు, బిళ్ళను చూసి సంచి ఇవ్వాలన్నది రన్నర్ల మధ్య ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు. కానీ ఆ బిళ్ళ ఆడదాని నడుముకు ఉంటే ఏం చేయాలో ఆయనకెవరూ చెప్పలేదు.

"ఇదేం పని పాపా? ఎవురన్నా అడిగితే?"

"బిళ్ళ ఈడ ఉండాది మామా. సంచి ఎవురికిస్తావు?"

ఆయన సంచిని నా భుజాన పెట్టాడు. "పో. నేను చూసింది బిళ్ళనే."

నాలుగు వీసెల బరువున్న సంచి. రైలుకు గంటా పావు ఉందో లేదో. నేను రివ్వున బయలుదేరాను. బడిలో పిల్లల పలకల మీద 'నిదానమే ప్రధానం' అని ఎన్నిసార్లు రాయించి ఉంటానో! ఆ రోజు మాత్రం నన్ను చూసి ఊరంతా నోళ్ళు తెరవాలన్నదే నా తాపత్రయం. గజ్జెలు ఘల్లుఘల్లుమని ఒకటే మోత. మొదటి మైలురాయి వెనక్కి పోయింది. ఇంతేనా, ఇందుకేనా నాయన ఇన్నేళ్ళు అంత చెప్పుకున్నాడు అనుకున్నాను. రెండో రాయి కనబడేసరికి పక్కటెముకల కింద పోటు మొదలైంది. నోరు ఎండి నాలుక అంగిలికి అతుక్కుంది. పాదాల కింద నేల పెనం.

రెండో రాయి దగ్గర చింతచెట్టు కింద ఓబులవ్వ మజ్జిగ అమ్ముతుంది. కళ్ళు ఆనవు గాని చెవులు పాము చెవులు. నేనింకా దూరాన ఉండగానే కేకేసింది: "ఎవురది? దావీదు గజ్జె ఇట్ల మోగదే! పెండ్లి గుర్రం మాదిరి మోగుతాండాది!"

"నేనే అవ్వా, సారమ్మను. నాయనకు జరం."

"అయితే ఎందుకమ్మే ఆ చిందులు? మీ నాయన రెండడుగులకు ఒక మోత. మధ్యలో బస్సు నాళ్ళు తప్ప ముప్పై ఏండ్లుగా ఇంటాండా. ఆ మోత ఇని నేను ఎసరు పెట్టుకుంటా. దాన్ని పట్టుకో." లోటా అందించింది. గటగటా తాగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "సగమే. మీ నాయన సగమే తాగుతాడు." అర్ధణా ఇవ్వబోతే కసిరింది.

సిగ్గేసింది. ఒక ముసలమ్మకు చెట్టు కింద కూర్చొని తెలిసిన విషయం, ఆ ఇంట్లో పుట్టిన నాకు తెలియలేదు. ఈటె మొదలు నేలకు తాకిస్తూ, రెండడుగులకు ఒక మోత చొప్పున మొదలుపెట్టాను. మొదట చాలా నెమ్మది అనిపించింది, ఇట్లా పోతే రైలు పోతుందని భయమేసింది. కానీ నాలుగైదు వందల అడుగులయ్యాక పోటు తగ్గింది, ఊపిరి మోతతో కలిసింది. మూడో రాయి వచ్చింది. ఎత్తు దగ్గర నడిచాను, పల్లంలో పరుగెత్తాను. చేలో చెనిగలకు దుక్కి సిద్ధం చేస్తున్న రైతు తలెత్తకుండానే "పొద్దాయ, ఎద్దులిప్పు" అని పాలేరుకు చెప్పాడు. అతనికి ఆ మోతే గడియారం. ఇంతమంది రోజు మా నాయన కాళ్ళ మీద నడుస్తోందని నాకెవరూ చెప్పలేదు. ఆయనకే తెలుసో లేదో. ఆ మాట తట్టగానే ఈటెను గట్టిగా పట్టుకొని పరుగెత్తాను.

నాలుగో రాయి దాటాక వెనక నుంచి గుర్రం డెక్కలు. మస్తాను ఖాళీ జట్కాతో సాయంత్రం రైలుకు పోతున్నాడు. నన్ను చూసి కళ్ళెం బిగించాడు.

"యా అల్లా! సారమ్మా, ఎక్కమ్మా, దుడ్లేమీ వద్దు. కాళ్ళు చూసుకున్యావా?"

చూసుకున్నాను. ఎడమ మడమ పగిలి నెత్తురు కారుతోంది. బండిలో గడ్డి మీద పరిచిన గోనెపట్ట, పైన నీడ. ఎక్కితే రైలు ఖాయం.

"ఎక్కితే, సంచిని జట్కానే చేర్చిందని మీ ఆసామికి చెప్పవా?" అన్నాను.

అతను తల దించుకున్నాడు. "అడిగితే చెప్పల్ల గదమ్మా. ఆయన ఉప్పు తింటాండా." ఒక్క అబద్ధం ఆడితే నేను ఎక్కేదాన్నేమో. ఆడలేదు, ఆ మేలు నేనెప్పటికీ మరవను.

"అయితే పో అన్నా."

అతను పోలేదు. గుర్రాన్ని నా నడకకు తగ్గించి కొంచెం ముందుగా తోలుతూ, ఎదురొచ్చే బండ్లను పక్కకు తప్పించాడు. "టపా, టపా!" అని కేకలేస్తూనే ఉన్నాడు. అయిదో రాయి దగ్గర, కడప వైపు ఆకాశంలో సన్నటి పొగ కనబడింది. రైలును చూడొద్దు, వచ్చే రాయిని చూడు అని నాకు నేనే పైకి చెప్పుకున్నాను. రెండడుగులకు ఒక మోత. స్టేషను కైకాటి, అదే సిగ్నలు చెయ్యి, వాలింది. రెండడుగులకు ఒక మోత. ఆఖరి రెండు వందల గజాలు మాత్రం నాయన క్షమించుగాక, పెండ్లి గుర్రంలాగే ఉరికాను.

రైలు టపా పెట్టె ముందు నేను నిలబడేసరికి అది ఇంకా కదలలేదు. లోపలి గుమాస్తా సంచి అందుకొని లక్క ముద్ర చూశాడు, గడియారం చూశాడు, తరువాత నన్ను చూశాడు. దుమ్ము కొట్టుకుపోయిన మోకాళ్ళు, నెత్తురు మడమ, ఇత్తడి బిళ్ళ. "రన్నరు యాడ?"

"సంచి వచ్చింది గదయ్యా," అన్నాను.

ఆయన ఒకసారి బిళ్ళ మీది అంకె చూసి, టైము చీటీ, సిరా మెత్త ముందుకు తోశాడు. "వేలిముద్ర వెయ్యి."

నాకు సంతకం వచ్చనడానికి నోరు తెరిచాను. చీటీ మీద ఆ నెలలో గడిచిన రోజులన్నిటికీ వరసగా మా నాయన బొటనవేలు. వంకర లేదు, ఖాళీ లేదు. ఆ వరసలో నా ముత్యాల్లాంటి అక్షరాలు పడితే రేపు ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే ఆ పని పోతుంది. బొటనవేలు సిరాలో అద్ది, ఆయన ముద్ర కింద నా ముద్ర గట్టిగా నొక్కాను. నిజం చెబుతున్నాను, పంతులమ్మ పరీక్ష గెలిచిన నాడు కూడా నాకు అంత గర్వం కలగలేదు.

రైలు పోయింది. మస్తానుకు అవ్వ మజ్జిగ సంగతి చెప్పాను. అతను గుర్రానికి నీళ్ళు పెడుతూ, "ఆసామి ఈపొద్దు అడిగితే చెప్తా. మన గుర్రానికి ఉలవలు కావాల్ల, ఆ దావీదు ఇంటోళ్ళకు సగం లోటా మజ్జిగ చాలు అని," అన్నాడు. తిరుగుదారిలో అణా కూడా తీసుకోకుండా ఇంటికి దించాడు. అప్పుడు హాయిగా గోనెపట్ట మీద పడుకొని పోయాను.

పొద్దు గుంకేవేళకు ఇల్లు చేరాను. నాయనకు చెమటలు పట్టి జరం దిగింది. "అందిందా?" అన్నాడు. నేను చెయ్యి చాచి బొటనవేలు చూపించాను. ఆయన దాన్ని పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చింతపండు తీసుకురా, పాప వేలు కడుక్కుంటాది," అన్నాడు అమ్మతో. "అక్కర్లేదు," అన్నాను. ఆ మరుసటి రోజు నుంచి ఆయన కూడా కడుక్కోవడం మానేశాడు.

ఆ పరుగు తరువాత నా బతుకులో పెద్ద మార్పులేవీ రాలేదు. బడిలో మాత్రం జూన్‌లో పిల్లల చేత ఏడాది పాఠమంతా ఒక్క నెలలో చెప్పించాలని ఎగబడటం మానుకున్నాను, అది దొంగ మైలని తెలిసింది. వేలిముద్ర వేసే ఆడవాళ్ళకు ఇప్పటికీ సంతకం నేర్పుతూనే ఉన్నాను, చిన్నచూపు లేకుండా. అన్నిటికన్నా ముఖ్యం, ఏ పనీ మొత్తం మన ఒక్కరిదే కాదని తెలిసింది. పుల్లన్న మామ కాలే ఇసుక దాటి ఇచ్చాడు, నేను ఆరు మైళ్ళు మోశాను, రైలు ఇంకెంత దూరం మోసిందో. ఆ సంచిలో ఎవరి ఉత్తరాలు ఉన్నాయో నాకు ఈనాటికీ తెలియదు. అవి చేరి ఉంటాయి.

ఆ దారిన వెళ్ళేవారికి ఒక్క మాట. బస్సు సంచి మోస్తున్నా కొండవైపు పల్లెలకు రన్నర్లు ఇంకా పోతూనే ఉన్నారు. వెనక గజ్జెల మోత వినబడితే పక్కకు తప్పుకోండి, ఆపి మాటలు పెట్టకండి. మోత మరీ తొందరగా ఉంటే మాత్రం, చింతచెట్టు కింద అవ్వ నాకు చెప్పినట్టు, కొత్తవాళ్ళకు ఒక్క కేక వేసి చెప్పండి: రెండడుగులకు ఒక మోత అని.