పెళ్లయిన బ్యాచిలర్

మొన్న శుక్రవారం సాయంత్రం కువైట్‌లోని సాల్మియాలో ఒక పెద్ద మాల్‌కు మనవణ్ణి చంకనేసుకుని వెళితే, కాపలా కుర్రాడు నవ్వుతూ తలుపు తెరిచి పట్టుకున్నాడు. మా ఆవిడ, కూతురు, అల్లుడు లోపలికి నడిచారు గానీ, నా కాళ్లు మాత్రం గుమ్మంలోనే ఆగిపోయాయి.

మా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, కువైట్‌లో మన దేశపు మగవాడు పక్కన కుటుంబం లేకుండా కనిపిస్తే అతని పేరు బ్యాచిలర్. ఊళ్లో పెళ్లాంబిడ్డలున్నా, జుట్టు నెరిసినా అదే పేరు; ఆడవాళ్లను తేరిపార చూడ్డానికే వస్తాడని దాని అర్థం. శుక్రవారాల్లో అలాంటివాళ్లను ఈ గుమ్మంలోనే ఆపేసేవారు. తెల్లవాడు ఒంటరిగా వస్తే మాత్రం ఎవరూ ఏమీ అడిగేవారు కారు. అది నేను మర్చిపోలేదు.

అప్పట్లో నేను ఫర్వానియాలో నలుగురితో గది పంచుకుని భవనాలకు రంగులు వేసేవాణ్ణి. మా ఆవిడ ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. ఒకే దేశంలో ఉండి నెలల తరబడి ఒకరి ముఖం ఒకరం ఎరగం. ఒకసారి ఆ ఇంటి డ్రైవరు చేత కబురంపింది, శుక్రవారం మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పిల్లలతోపాటు తననూ మాల్‌కు తీసుకెళ్తుందని, దూరం నుంచైనా చూసుకోవచ్చని. నేను పెళ్లినాటి చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే, గదిలో ఉండే కోనసీమ అతను, "ఏంటి బావా, మళ్లీ పెళ్లిచూపులా?" అని ఆటపట్టించాడు.

గుమ్మం దగ్గర కాపలావాడు నా వాలకం చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. వాడూ మన దేశంవాడే. ఫ్యామిలీ ఏదీ అని హిందీలో అడిగేసరికి నాకు ఒళ్లు మండి, అప్పుడే కారు దిగి వస్తున్న మా ఆవిడను చూపించి, అదిగో నా ఫ్యామిలీ అనేశాను. మామా ఆగి, ఈ మనిషి ఎవరని ఆమెను అడిగింది. పనిమనిషి కోసం మగవాడు వచ్చాడంటే అతను మొగుడని ఆ ఇళ్లలో నమ్మేవారు కారు. ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రద్దు చేసి విమానం ఎక్కించేవారు. ఊళ్లో మా అమ్మ దగ్గరున్న కూతురి చదువు ఆ పని మీదే నడుస్తోంది. మా ఆవిడ నా చొక్కా వంక చూసింది గానీ, ముఖం వంక చూడలేదు.

"మా అరఫ్, మామా," అంది. నాకు తెలియదు అని.

కాపలావాడు అందరూ చూస్తుండగా భుజం పట్టి నన్ను పక్కకు నెట్టాడు. వాడి ముఖం నేనింకా మర్చిపోలేదు, మర్చిపోను కూడా. కట్టుకున్న భార్యకే తెలియనివాడిగా ఆ ఎండలో నిలబడ్డ సిగ్గు గురించి మాత్రం ఇన్నేళ్లలో మేమిద్దరం ఒక్క మాటా అనుకోలేదు.

మొన్న గుమ్మంలో ఆగిపోయిన నన్ను చూసి ఆమె వెనక్కి వచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె చప్పున వెనక్కి తిరిగి చూసి, "ఇడువబ్బా, ఎవురన్నా చూస్తారు," అంది.

ఆ ఇంట్లో పని మానేసి ఎన్నో ఏళ్లయింది, మా వెనక ఎవరూ లేరు. చంకలో పసివాడు ఉండడం వల్ల ఇప్పుడు నేనూ ఫ్యామిలీనే, నాకూ తలుపులు తెరుస్తున్నారు. ఆమె చెయ్యి మాత్రం ఇంకా నా చేతిలో నిలవడం లేదు.