రాని నెలసరి కోసం పద్నాలుగు నెలలు

ఆసుపత్రిలో అందరూ ఆమెను ఫిల్మక్క అంటారు. ఎక్స్‌రే ఫిల్ములు కడిగే రోజుల్లో ఉద్యోగంలో చేరింది. ఫిల్ములు పోయి కంప్యూటర్లు వచ్చినా పేరు మాత్రం వదల్లేదు. రొమ్ములకు ఎక్స్‌రే తీసే మామోగ్రామ్ గది ఆమెది. ఇరవై ఆరేళ్లుగా అక్కడ ఆమె చెప్పిందే చట్టం. రెండో షిఫ్టు మనిషి ఎవరో కాదు, సొంత తోటికోడలే. ఇంట్లో వంటగదినీ ఇక్కడ మిషన్నీ ఇద్దరూ వంతులేసుకుని ఏలుతారు, తీరిక దొరికితే పోట్లాడుకుంటారు.

ఈ నెలంతా ఫిల్మక్కకు కాలు ఒకచోట నిలవడం లేదు. లోకానికి మందులిచ్చే మన ఆడవాళ్లు తమ ఒంటి సంగతి మాత్రం పట్టించుకోరని పెద్ద డాక్టరమ్మ కోప్పడింది. నలభై దాటిన సిబ్బంది నూట నలభై మూడు మంది, అందరికీ పరీక్ష జరగాలంది. నెలాఖరు శనివారానికి ఒక్కరు కూడా మిగలకూడదని ఫిల్మక్క నడుం బిగించింది.

ఇక చూడాలి ఆమె హడావిడి. వార్డులో ట్రాలీ తోసుకుపోయే నర్సును ట్రాలీతో సహా లాక్కొచ్చింది. మూడు రోజులు తప్పించుకు తిరిగిన ఆపరేషన్ థియేటర్ పెద్ద సిస్టర్ను క్యాంటీన్లో టీ కప్పుతో సహా పట్టుకుంది. ఇంకా నెలసరి వస్తున్న వాళ్లను మాత్రం అది వచ్చి వెళ్లిన వారంలో రమ్మనేది. అప్పుడైతే రొమ్ములు సలపవు, నొక్కిపట్టే ప్లేటు బిగించినా అంత బాధ ఉండదు. ఆగిపోయిన వాళ్లకు ఏ రోజైనా ఒకటే. ఏడాది పాటు రాకపోతే ఆగిపోయినట్టేనని ప్రతి మనిషికీ ఫారం మీద వేలుపెట్టి మరీ చెప్పింది.

శనివారం మధ్యాహ్నానికి లెక్క నూట నలభై రెండుకు చేరింది. ఫిల్మక్క ముఖం వెలిగిపోతోంది.

"ఇంకెవరే మిగిలింది?" అంది గది తుడిచే ఆయమ్మ.

"నేనే. నాకు ఇంకా నెలసరి రాలేదు ఆయమ్మా. వచ్చి వెళ్లాక తీయించుకుంటాలే."

ఆయమ్మ తుడిచే కర్ర గోడకు ఆనించింది. "పోయినేడు నన్ను ఈ మిషన్లో బిగించినప్పుడూ ఇదే మాటన్నావు. అప్పుడు మా మనవరాలు పురిటిబిడ్డ. ఇప్పుడది ఇల్లంతా పరుగులు పెడుతోంది."

అప్పుడే డ్యూటీకి వచ్చిన తోటికోడలు గుమ్మంలో ఆగిపోయింది. ఆ బిడ్డ వయసు వేళ్లమీద లెక్కపెట్టింది. పద్నాలుగు నెలలు. ఎంత పోట్లాడినా పదేళ్లుగా ఈ గదిలో ఫిల్మక్క మాటకు ఎదురుచెప్పని మనిషి సంచీ కుర్చీలో పడేసి, "అక్కా, కోటు విప్పు," అంది.

ఫిల్మక్క గొణిగింది, గడియారం చూసింది, ఫోన్ వచ్చిందేమోనని వెతుక్కుంది. ఆయమ్మ వెళ్లి తలుపు గడియ పెట్టింది. ఇక తప్పలేదు.

"భుజం వదులుగా పెట్టు. గడ్డం అటు తిప్పు. ఊపిరి బిగబట్టు."

"చచ్చాను, ఎంత బిగించావే."

"నువ్వు నేర్పినంతే."

ఆయమ్మ పగలబడి నవ్వింది. ఫిల్మక్కకూ నవ్వాగలేదు. నాలుగు బొమ్మలూ అయిపోగానే, జాకెట్టు హుక్కులైనా పెట్టుకోకుండా, "నూట నలభై మూడు," అని చప్పట్లు కొట్టింది.

తోటికోడలు కంప్యూటర్ తెర మీదికి వంగింది. ఫిల్మక్క కోటు కప్పుకుని తెర దగ్గరికి వెళ్లింది. ఎడమవైపు, లోపలగా, అంచులు చెదిరిన తెల్లటి చుక్క. అలాంటివి ఆమె ఎన్నో చూసింది. పైకి చేతికి దొరకనంత చిన్నది. సూదితో ముక్క తీసి చూడాలని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ముక్క తీసిన తొమ్మిదో రోజున ఫలితం వచ్చింది. అనుకున్నంతా అయింది, అది క్యాన్సరే. గడ్డ సెంటీమీటరు కూడా లేదని, చంకలోకి పాకిన జాడ లేదని, గురువారం ఆపరేషన్ చేసేస్తామని డాక్టరమ్మ చెప్పింది. "ఇంకో ఏడాది ఆగి ఉంటే నేను ఇంత ధైర్యంగా మాట్లాడేదాన్ని కాదు," అంది.

బయటికి రాగానే తోటికోడళ్లిద్దరూ సంతోషంతో ఒకరినొకరు వాటేసుకున్నారు. "సెంటీమీటరు కూడా లేదటే," అని ఫిల్మక్క వసారాలో ఎదురైన ప్రతివాళ్లకూ చెప్పింది, పరీక్ష ఫస్టు క్లాసులో పాసైనంత సంబరంగా. లిఫ్టు పక్కన బెంచీ మీద కూలబడ్డాక తోటికోడలికి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఒకే ఇంట్లో ఉన్నాం. ఒక్కసారైనా అడక్కపోతినే అక్కా. నువ్వు లెక్క మర్చిపోయావనైనా నాకు తట్టలేదు."

ఫిల్మక్క ఆమె చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"మర్చిపోలేదే. ఆగిపోయిందని నాకు తెలుసు. రోజూ ఆ తెరమీద పరాయివాళ్లవి చూసి చూసి, నాది చూసుకోవాలంటే భయమేసింది."